ఆపరేషన్ లేదన్నాక మొదలయ్యే వైద్యం

పసిబిడ్డ చూపు కోసం పెద్దాసుపత్రికి పోయినవాళ్లలో కొందరు మందుచీటీతోనో, ఆపరేషన్ తేదీతోనో తిరిగొస్తారు. మరికొందరు వట్టి చేతులతో వస్తారు. "కన్ను బాగానే ఉంది, నరం బలహీనంగా ఉంది", "రెటీనా సరిగా ఏర్పడలేదు", "దెబ్బ మెదడులో ఉంది, ఆపరేషన్‌తో పోయేది కాదు" అని ఏదో ఒక మాట విని బస్సెక్కుతారు. డాక్టరు చెప్పింది నిజమే. కానీ ఊరు చేరేసరికి ఆ మాట "ఇంక చేసేదేమీ లేదంట" అని మారిపోతుంది. ఇక బడి ఈడు వచ్చేదాకా ఆ బిడ్డ ఇంట్లో ఒక మూల పెరుగుతుంది. నాలుగైదేళ్లు అలా గడిచిపోతాయి. చూపు పునరావాసానికి అసలు పని ఉండేది ఆ నాలుగైదేళ్లలోనే.

కలకడనే తీసుకుందాం. రాయచోటి నుంచి పీలేరు పోయే దారిలో, టమాటాకు పేరున్న పాత చిత్తూరు జిల్లా పడమటి మండలం. పెద్ద కంటి వైద్యం కావాలంటే పీలేరు దాటి, భాకరాపేట ఘాట్ మీదుగా తిరుపతి పోవాలి. 2019 నుంచి అక్కడ అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది. మదనపల్లె, పుంగనూరు వాళ్లకు బెంగళూరు దగ్గర. కుప్పం వాళ్లకు ఊళ్లోనే పీఈఎస్ వైద్య కళాశాల ఉంది, కాకపోతే రైలెక్కి బెంగళూరు, లేదంటే వేలూరు సీఎంసీ. అంటే పరీక్షకూ ఆపరేషన్‌కూ ఒకటి రెండు రోజుల కూలి పోగొట్టుకుంటే ఏదో ఒక దారి ఉంది. పునరావాసం దగ్గరే చిక్కంతా. అది నెలల తరబడి, ఏళ్ల తరబడి సాగే పని. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో దీనికోసమే ప్రత్యేక విభాగం ఉంది. ఎంత మంచి విభాగమైతే ఏం, చంకలో బిడ్డను పెట్టుకుని కలకడ నుంచి వారం వారం హైదరాబాద్ పోవడం ఏ తల్లికి సాధ్యం?

ఈ దూరాన్ని ఫోన్ తగ్గించగలదా అన్న ప్రశ్నకు 2020లో అనుకోకుండా పరీక్ష జరిగింది. లాక్‌డౌన్ మొదలైన మార్చి 25నే కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. ఆసుపత్రులకు రాలేకపోయిన చూపులేనివాళ్లకు, పిల్లల తల్లిదండ్రులకు ఎల్.వి. ప్రసాద్ పునరావాస విభాగం ఫోన్ మీదే సేవలు అందించింది. ఆ అనుభవాన్ని బ్యూలా క్రిస్టీ, ఆమె సహచరులు 2022లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఆఫ్తాల్మాలజీలో రాశారు. ఫోన్ రాకముందూ ఇలాంటి ప్రయత్నాలు లేకపోలేదు. యాభై దాటాక చూపు కోల్పోయిన విలియం హ్యాడ్లీ అనే అమెరికన్ ఉపాధ్యాయుడు 1920లో పోస్టు ద్వారా బ్రెయిలీ నేర్పే బడి పెట్టాడు. తర్వాత్తర్వాత ఆ బడి చూపులేని పిల్లల తల్లిదండ్రులకూ పోస్టులోనే పాఠాలు పంపింది. ఆనాడు కవరులో వెళ్లిందీ, ఇప్పుడు వాట్సాప్‌లో వెళ్తున్నదీ ఒకటే: బిడ్డతో ఏం చేయాలో తల్లికి చెప్పే పాఠం. వైద్యం చేసేది మాత్రం బిడ్డ పక్కన ఉన్న చేతులే. ఇది మరిచిపోయి మొదలుపెట్టిన దూర పునరావాసం వీడియో కాల్‌గానే మిగిలిపోతుంది. ఎందుకో తెలియాలంటే పసిబిడ్డ చూపు ఎలా ఎదుగుతుందో కొంచెం చూడాలి.

కంటి వెనక పొర మీద పడ్డ వెలుగు సంకేతాలుగా మారి, దృష్టినాడి గుండా తల వెనకభాగంలో ఉన్న మెదడు పొరకు చేరాకే అది అమ్మ ముఖమవుతుంది. పుట్టిన నాటికి ఈ దారి ఉంటుంది గానీ ఇంకా పదును పడి ఉండదు. జానెడు, జానెడున్నర దూరంలో ఉన్న ముఖమే బిడ్డకు లోకం. రెండో నెలకల్లా కళ్లలోకి చూసి నవ్వుతుంది. మూడో నెలకు కదిలే వస్తువు వెంట చూపు తిప్పుతుంది. నాలుగైదు నెలలకు కనబడినదాని మీదికి చెయ్యి చాస్తుంది. ఇదంతా చూసి చూసి నేర్చుకున్నదే. 1960లలో డేవిడ్ హ్యూబెల్, టోర్స్టెన్ వీజల్ అనే శాస్త్రవేత్తలు పిల్లికూనల రెప్పలు ఒక పక్క కొన్ని వారాలు కుట్టేసి, తర్వాత విప్పి చూశారు. కన్ను నిక్షేపంగా ఉంది. మెదడులో మాత్రం ఆ కంటికి స్పందించే కణాలు దాదాపు లేవు. పెద్ద పిల్లికి అదే పని చేస్తే ఏమీ కాలేదు. 1981లో వాళ్లకు నోబెల్ వచ్చింది. సేద్యం చేసే సీమలో అదను అంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. మెదడుకూ ఒక అదను ఉంది.

అదను దాటితే అంతా అయిపోయిందనీ కాదు. పవన్ సిన్హా అనే ఎంఐటీ శాస్త్రవేత్త 2005లో ఉత్తరాదిన మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ప్రకాశ్‌లో, పుట్టు శుక్లాలతో ఏళ్లకేళ్లు గడిపి ఆలస్యంగా ఆపరేషన్ చేయించుకున్న పిల్లలు కూడా కొంత చూపు సంపాదించి దాన్ని వాడుకోవడం నేర్చుకున్నారు. కాకపోతే స్పష్టత మామూలు పిల్లల స్థాయికి రాలేదు.

చూపు లేకపోతే పోయేది చూపొక్కటే కాదు. అమెరికన్ మానసిక విశ్లేషకురాలు సెల్మా ఫ్రైబర్గ్ పుట్టుగుడ్డి పసిబిడ్డల ఇళ్లకు వెళ్లి, వాళ్ల ఎదుగుదలను ఏళ్ల తరబడి గమనించి 1977లో ఒక పుస్తకం రాసింది. చూపున్న బిడ్డ బోర్లా పడి తల ఎత్తేది ఎదురుగా చూడదగినది ఏదో ఉంది గనక. పాకేది అక్కడ అందని వస్తువు ఉంది గనక. చూపులేని బిడ్డకు ఆ పిలుపు లేదు. మెడ నిలుస్తుంది, కూర్చుంటుంది, కండరాల్లో లోపం లేదు, అయినా పాకడం ఆలస్యమవుతుంది. గిలక శబ్దం చేస్తే చెయ్యి చాస్తుంది కదా అని మనం అనుకుంటాం. చాచదు. చేతిలోంచి జారిన గిలక పక్కనే మోగుతున్నా, ఆ మోత ఇంతకుముందు తన చేతిలో ఉన్న వస్తువుదేనని పసిబిడ్డకు తెలియదు. వినబడిన శబ్దం వెనక పట్టుకోదగిన వస్తువు ఒకటి ఉంటుందన్న తెలివి మొదటి ఏడాది చివరకు గానీ రాదని ఫ్రైబర్గ్ గమనించింది.

దూర పునరావాసానికి ఇది మూలసూత్రం లాంటిది. ఫోన్‌లోంచి వచ్చే గొంతు అంటే ఒళ్లులేని శబ్దం. ఎంత ముద్దుగా పలకరించినా చూపులేని ఎనిమిది నెలల బిడ్డకు ఆ గొంతు వల్ల ఒరిగేది పెద్దగా ఏమీ లేదు. నేర్పేది పక్కనున్న చెయ్యి. అందుకే అవతల ఫోన్‌లో ఉన్న థెరపిస్టు బిడ్డతో కాకుండా తల్లితో మాట్లాడాలి.

ఫ్రైబర్గ్ చెప్పిన మరో సంగతి తల్లుల మనసుకు సంబంధించింది. చూపున్న బిడ్డ అమ్మ గొంతు వినగానే కాళ్లూ చేతులూ ఆడిస్తుంది. చూపులేని బిడ్డ చాలాసార్లు కదలకుండా ఉండిపోతుంది. తల్లి దాన్ని "నన్ను గుర్తుపట్టడం లేదు" అనుకుంటుంది. నిజానికి ఆ నిశ్చలమే వినడం. ముఖంలో భావం తక్కువ, కళ్లు కలవవు, నవ్వు అరుదు. మరి బిడ్డ మనసు ఎక్కడ కనబడుతుందంటే వేళ్లలో. అమ్మ జడ తగిలితే వేళ్లు విచ్చుకుంటాయి, వస్తువు పోతే వెతుకుతాయి. వీడియో కాల్‌లో అందరూ అలవాటుగా బిడ్డ ముఖం చూపిస్తారు. "ఫోన్ కొంచెం కిందికి దించి, చేతులు చూపించండమ్మా" అని అడిగే థెరపిస్టుకు పని తెలుసని లెక్క.

మెదడులో దెబ్బ వల్ల వచ్చే చూపు లోపం ఇంకో రకం. వైద్యులు దీన్ని సీవీఐ అంటారు. మన ఇళ్లలో దీని చరిత్ర రెండు ముక్కల్లో చెబుతారు: "పుట్టగానే ఏడవలేదు, ఉమ్మనీరు తాగింది." ప్రాణవాయువు అందని ఆ కొద్ది నిమిషాల్లో మెదడులోని దృష్టి దారులు దెబ్బతింటాయి. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టిన కొత్తలో రక్తంలో చక్కెర బాగా పడిపోవడం, మెదడువాపు జ్వరాలు కూడా కారణాలే. ఎల్.వి. ప్రసాద్ విజయవాడ క్యాంపస్‌లో పిల్లల కంటి వైద్యుడు నిరంజన్ పెహరే, స్కాట్లాండ్‌కు చెందిన గోర్డన్ డట్టన్ తదితరులు 2018లో ప్రచురించిన పరిశీలనలో మొదటి కారణంగా తేలింది పుట్టుక సమయంలో ప్రాణవాయువు అందకపోవడమే. ఈ పిల్లల కళ్లు పరీక్షకు చాలావరకు బాగానే కనిపిస్తాయి. "కన్ను బాగుంది, చూపు లేదు" అంటే ఇంట్లోవాళ్లకు అర్థం కాదు. కానీ పునరావాసంతో ఎక్కువ మార్పు కనిపించే అవకాశం ఉన్నదీ ఈ పిల్లల్లోనే, ఎందుకంటే వీళ్లలో చాలామందికి కొంత చూపు ఉంటుంది. అది ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు పనిచేయదో కనిపెట్టాలి.

అలాంటి ఒక కాల్‌ను ఊహించి చూద్దాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, ఈ పనిలో మాటిమాటికీ ఎదురయ్యే విషయాలను ఒక ఇంట్లో చేర్చి చెబుతున్నాను. పాపకు పది నెలలు. బియ్యం డబ్బాకు ఆనించిన ఫోన్. అవతల నగరంలో థెరపిస్టు. ఆమె మొదట పాపను చూపించమనదు, ఫోన్‌ను గదంతా తిప్పి చూపించమంటుంది. గోడకు మూడు క్యాలెండర్లు. దండెం మీద రంగురంగుల బట్టలు. అలమరలో తళతళలాడే స్టీలు సామాను. టీవీ మోగుతోంది. అమ్మ వాకిలికి వీపు పెట్టి కూర్చుంది కాబట్టి ఆమె ముఖం నీడలో ఉంది, వెనక వెలుగు కళ్లు చెదిరేలా ఉంది. ఆమె కట్టుకున్నది పూల చీర. మనకు ఇదొక మామూలు ఇల్లు. సీవీఐ ఉన్న బిడ్డకు మాత్రం ఇవన్నీ ఒకేసారి మీద పడే గందరగోళం. బొమ్మను నేపథ్యంలోంచి విడదీసే శక్తి ఆ మెదడుకు ఇంకా రాలేదు. పూల చీరలోంచి అమ్మ ముఖాన్ని వేరుచేసి చూడలేక పాప తల పక్కకు తిప్పుకుంటుంది. ఆసుపత్రిలోని నిశ్శబ్దపు గదిలో, ఖాళీ గోడ ముందు జరిగే పరీక్షలో ఇదేదీ బయటపడదు. ఇంటికే వెళ్లి చూడగలగడం ఫోన్ చేసే అసలు మేలు. ఆసుపత్రిలో జరిగేదానికి ఇది చవకరకం నకలని కొందరు పెదవి విరుస్తారు గానీ, ఈ ఒక్క విషయంలో ఫోనే నయం.

"ఫ్యాన్ చూస్తాది మేడమ్. ట్యూబ్‌లైటు కూడా చూస్తాది. బొమ్మ పెడితే మాత్రం చూడదు" అంటుంది తల్లి. అది మంచి ఆధారం. కదలిక, వెలుగు ఈ పిల్లల మెదడుకు తేలిగ్గా అందే సంకేతాలు. కాబట్టి ఫ్యాన్‌లోని కదలికను కింద చాప మీదికి తేవాలి. వాకిలి సగం మూయమంటుంది థెరపిస్టు. తల్లిని వెలుగుకు ఎదురుగా జరిగి కూర్చోమంటుంది. వెనక గోడకు నల్ల దుప్పటి వేలాడదీయమంటుంది. బొమ్మలెందుకు, స్నానానికి వాడే ఎర్ర మగ్గు చాలు.

"టీవీ కట్టేస్తారా అమ్మా?"

"కట్టేసినా మేడమ్."

"మగ్గు పాపకు ఎదురుగా కాకుండా కుడిపక్క, జానెడు దూరంలో పెట్టి కొంచెం కదపండి. పిలవొద్దు. గాజులు కూడా మోగకూడదు. ఊరకుండండి."

కాసేపటికి: "చూళ్లేదు మేడమ్."

"ఇంకా ఉండండి."

ఈ ఎదురుచూడటమే అన్నిటికంటే కష్టమైన పాఠం. మనం వస్తువు చూపించి రెండు సెకన్లలో స్పందన రాకపోతే ఇంకో వస్తువు అందుకుంటాం, లేదా "చిన్నీ, ఇటు చూడు" అని చప్పట్లు కొడతాం. సీవీఐ ఉన్న మెదడుకు సమయం పడుతుంది. పది సెకన్లు, ఇరవై సెకన్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. ఈలోగా శబ్దం చేస్తే చూడటం మాని వినడంలో పడిపోతుంది. కళ్లు మెల్లగా మగ్గు వైపు తిరుగుతాయి, ఒక క్షణం ఆగుతాయి, పక్కకు పోతాయి. ఆ తర్వాతే చెయ్యి లేస్తుంది. "చూడకుండానే పట్టుకునింది" అని తల్లి నిరాశపడుతుంది. చూసింది. చూడటం, అందుకోవడం రెండూ ఒకేసారి చేయలేక, ముందు చూసి తర్వాత అందుకుంది. ఈ లక్షణం గురించి ముందే తెలిసినవాళ్లు పక్కన లేకపోతే ఆ గెలుపు లెక్కలోకే రాకుండా పోతుంది.

పని ఇలా గంటసేపు చేయించాల్సిన అవసరం లేదు. చేయించకూడదు కూడా. కడుపు నిండి, నిద్ర తీరిన సమయంలో నాలుగైదు నిమిషాలు, రోజుకు కొన్నిసార్లు. మిగతాదంతా రోజువారీ పనుల్లోనే ఇమడాలి. కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రుద్ది నీళ్లు పోసే మన అలవాటు ఉంది చూడండి, చూపు లోపమున్న బిడ్డకు అంతకు మించిన పాఠశాల లేదు. "ఇప్పుడు చెయ్యి", "ఇది మోకాలు" అని చెప్పి మరీ రుద్దితే ఒంటి పటం మనసులో ఏర్పడుతుంది. నీళ్లు పోసేముందు చెంబు అంచు తాకించాలి. ఉగ్గు పెట్టేముందు గిన్నె చప్పుడు, వాసన, ఆ తర్వాత పెదవికి స్పూను. చెప్పాపెట్టకుండా మీదికి వచ్చే ప్రతి స్పర్శా చూపులేని బిడ్డకు ఉలికిపాటే. నాలుగుసార్లు ఉలిక్కిపడ్డ చెయ్యి అయిదోసారి పిడికిలి బిగించుకుంటుంది. అందుకే వస్తువును తాకించేటప్పుడు బిడ్డ చేతిని పైనుంచి పట్టి లాగొద్దు. మీ చెయ్యి కింద, బిడ్డ చెయ్యి పైన ఉండాలి. ఇష్టం లేకపోతే తీసేసుకునే వీలు దానికి ఉండాలి.

డెన్మార్క్‌కు చెందిన లిలీ నీల్సన్ చూపులేని పసిపిల్లల కోసం చిన్న గది ఒకటి తయారుచేసింది. పడుకున్న బిడ్డ ఒళ్లు పట్టేంత పెట్టె, లోపల చేతికి అందే ఎత్తులో వేలాడే రకరకాల వస్తువులు. చెయ్యి కదిపితే ఏదో ఒకటి తగులుతుంది, మోగుతుంది, వదిలేసినా మళ్లీ అక్కడే దొరుకుతుంది. వస్తువుకు ఒక చోటు ఉంటుందన్న జ్ఞానం అలా వస్తుంది. దీన్ని కొనాల్సిన పనిలేదు. మదనపల్లె మార్కెట్‌కు సరుకు తోలే ఏ ఇంట్లోనైనా టమాటా క్రేట్లు ఉంటాయి. ఒకదాన్ని శుభ్రంగా కడిగి బోర్లించి, రెండు పక్కలా ఎత్తు పెట్టి, స్టీలు గరిటె, గాజుల గుత్తి, గజ్జె, కొబ్బరి పీచు ఉండ పొట్టి తాళ్లతో గట్టిగా కట్టి వేలాడదీస్తే సరిపోతుంది. మింగగలిగేంత చిన్న వస్తువు, మెడకు చుట్టుకునే పొడుగు తాడు ఉండకూడదు. పెద్దవాళ్లు ఒకరు పక్కనే ఉండాలి.

ఇక సిగ్నల్ సంగతి. కొండల మధ్య పల్లెల్లో వీడియో మధ్యలో ఆగిపోవడం మామూలే. ఉన్న ఒక్క మంచి ఫోనూ ఇంటాయన జేబులో పొలానికో, డ్యూటీకో పోతుంది. టమాటా కోతల రోజుల్లో పగలు పదకొండింటికి కాల్ పెడతామంటే ఎవరూ ఎత్తరు. అందుకే కాల్ కన్నా రికార్డు చేసి పంపే వీడియో చాలాసార్లు మేలు. స్నానం చేయించేటప్పుడు తీసిన రెండు నిమిషాల ముక్క రాత్రి సిగ్నల్ దొరికినప్పుడు పోతుంది. థెరపిస్టు దాన్ని నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూసి, వాయిస్ మెసేజ్ పెడుతుంది: "పన్నెండో సెకను దగ్గర చూడండి, చెంబు మెరిసినప్పుడు కళ్లు తిప్పింది." కాల్‌లో దొరకని ఓపిక ఇందులో ఉంది. చదువు రాని అవ్వ కూడా వాయిస్ మెసేజ్ వినగలదు.

అవ్వల మాట ఊరికే ఎత్తలేదు. రాయచోటి, పీలేరు పక్క పల్లెల నుంచి కువైట్ పోయే ఆడవాళ్లు తక్కువేమీ కాదు. అక్కడ ఇళ్లలో పనికి కుదిరి, ఇక్కడ బిడ్డలను అవ్వల దగ్గర వదిలి ఉంటారు. మగవాళ్లు కొందరు గల్ఫ్‌లో, కొందరు బెంగళూరులో. ఈ ఇళ్లకు వీడియో కాల్ కొత్త కాదు, ఐఎంఓ, వాట్సాప్ మీదే సంసారాలు నడుస్తున్నాయి. కానీ పునరావాస కార్యక్రమాల కాగితాలన్నీ "తల్లి" అనే ఒక్క మనిషిని ఊహించుకుని రాసినవే. బిడ్డను రోజంతా ఎత్తుకునేది ఎవరో కనుక్కుని, శిక్షణ వాళ్లకివ్వాలి. కువైట్‌లో ఉన్న తల్లికి కూడా ఒక పని ఉంది. ఒళ్లులేని గొంతుతో బిడ్డకు ఒరిగేది తక్కువన్నాం కదా, ఆమె కాల్ చేసిన ప్రతిసారీ ఆమె వాడిన చీర ముక్కో, గాజో అవ్వ బిడ్డ చేతికి ఇస్తే, ఆ గొంతుకు తాకగలిగే ఆనవాలు ఒకటి దొరుకుతుంది.

ఫోన్ చేయలేనివి కొన్ని ఉన్నాయి. వాటి విషయంలో ఫోన్ మీద ఆధారపడటం ప్రమాదం. కనుపాపలో తెల్లటి మెరుపు కనబడితే అది శుక్లం కావచ్చు, కంటి క్యాన్సర్ కావచ్చు. రెండు కళ్లలోనూ దట్టమైన పుట్టు శుక్లం ఉంటే రెండో నెల దాటకముందే ఆపరేషన్ జరిగితే మంచి ఫలితం. "ఎంత పెద్ద పెద్ద కళ్లో" అని చుట్టాలు మురిసిపోయే బిడ్డకు నీళ్లు కారుతూ, వెలుగు చూడలేకపోతుంటే, అది పుట్టుకతో వచ్చే నీటికాసు కావచ్చు. మేనరికాలు ఎక్కువున్న మన పక్క వంశపారంపర్య కంటి జబ్బుల మాటా మరవకూడదు. ఒక బిడ్డకు ఉందంటే తర్వాతి బిడ్డను పుట్టిన వెంటనే చూపించాలి. తల, ఒళ్లు ఒక్కసారిగా ముందుకు వంగి, చేతులు ఎగిరిపడి, అలా వరసగా జరుగుతుంటే అది ఉలికిపాటు కాదు, ఒక రకం ఫిట్స్. ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరు దగ్గరికి పోవాలి. అలాంటి పిల్లల ముందు మిణుకుమిణుకుమనే లైట్లతో వ్యాయామాలు చేయించకూడదు. "విజన్ స్టిమ్యులేషన్" పేరుతో ఇంటర్నెట్‌లో దొరికే మెరుపుల వీడియోలు పెట్టి బిడ్డ చేతికి ఫోన్ ఇచ్చేయడం పునరావాసం అనిపించుకోదు.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల సంగతి వేరే చెప్పాలి. 2020లో మన దేశంలో అలా పుట్టినవాళ్లు 30 లక్షలకు పైనే. రెటీనాలో రక్తనాళాలు కడుపులో ఉండగా చివరి నెలల్లో పూర్తవుతాయి. ముందే పుడితే అవి దారి తప్పి పెరిగి రెటీనాను ఊడలాగవచ్చు. దీన్ని ఆర్ఓపీ అంటారు. 34 వారాలకు ముందు పుట్టినా, రెండు కిలోల కన్నా తక్కువ బరువున్నా, 30 రోజుల లోపల రెటీనా పరీక్ష జరగాలి, మరీ ముందు పుట్టినవాళ్లకు ఇంకా త్వరగా. హైదరాబాద్‌లో డాక్టర్ సుభద్రా జలాలి 1990ల చివరి నుంచీ దీనిమీద పనిచేశారు. మనకు పక్కనే కర్ణాటకలో నారాయణ నేత్రాలయ 2008లో కిడ్‌రాప్ మొదలుపెట్టింది. శిక్షణ పొందిన టెక్నీషియన్లు కెమెరా తీసుకుని జిల్లా ఆసుపత్రులకు వెళ్లి పసికందుల రెటీనా ఫొటోలు తీస్తారు, బెంగళూరులో ఉన్న నిపుణులు వాటిని చూసి లేజర్ కావాలో వద్దో చెబుతారు. దూరవైద్యం గెలిచిన చోటు ఇది. గెలిచింది ఎందుకంటే బిడ్డ దగ్గర పని తెలిసిన మనిషి ఒకరు ఉన్నారు గనక.

పునరావాసానికి ఆ మనిషి ఎవరు? మన వ్యవస్థలో పేర్లకు కొదవలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను పరీక్షించాలి, జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలకు పంపాలి. 2021లో కేంద్రం పసిపిల్లల కోసం తెరిచిన 14 కేంద్రాల్లో నెల్లూరు ఒకటి, సికింద్రాబాద్ ఇంకొకటి. సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక ఉపాధ్యాయులున్నారు, మంచానికే పరిమితమైన పిల్లలకు ఇంటికెళ్లి చెప్పే ఏర్పాటూ ఉంది. కానీ అది బడి ఈడు పిల్లలకు. సున్నా నుంచి మూడేళ్ల దాకా ఉన్న బిడ్డ ఇంటి గడప తొక్కేది ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలే. వాళ్లకు బరువు తూచడం నేర్పారు, టీకాలు నేర్పారు. చూపు నిలపని బిడ్డను గుర్తుపట్టడం, వారానికోసారి వెళ్లి ఫోన్ సరిగా పట్టుకుని వీడియో తీసి పంపడం నేర్పడానికి ఎన్నో రోజులు పట్టదు. 2025లో కుప్పం ఏరియా ఆసుపత్రిలో టాటా సంస్థ సాయంతో డిజిటల్ నెర్వ్ సెంటర్ ప్రారంభమైంది. పీహెచ్‌సీలనూ పెద్దాసుపత్రినీ తెర మీద కలపడం దాని పని. అలాంటి తెర మీద బీపీ, షుగర్ రోగులతో పాటు ఈ పిల్లలకూ వారానికి ఒక పూట కేటాయించవచ్చు. సదరం సర్టిఫికెట్ రాసిచ్చే క్యాంపులోనే, వైకల్య శాతం అంకె పక్కన, పునరావాసం చెప్పేవాళ్ల నంబరు కూడా రాసివ్వవచ్చు. ఇప్పుడు ఆ కాగితం పింఛను దగ్గర మొదలై పింఛను దగ్గరే ఆగిపోతోంది.

ఇదంతా ఎంతవరకు పనిచేస్తుంది? సీవీఐ పిల్లల్లో చాలామందికి వయసుతో పాటు కొంత చూపు దానంతటదే మెరుగవుతుంది. కాబట్టి ఏడాది పాటు వ్యాయామాలు చేయించాక కనబడిన మార్పంతా వ్యాయామాల వల్లే వచ్చిందని తెగేసి చెప్పలేం. ఫలానా పద్ధతి ఫలానాదాని కన్నా మేలని తేల్చే గట్టి పరీక్షలు ప్రపంచంలోనే తక్కువ జరిగాయి. అందుకే "ఆరు నెలల్లో చూపు తెప్పిస్తాం" అని ప్యాకేజీలు అమ్మేవాళ్లను నమ్మవద్దు. తేలిన విషయం వేరే ఉంది. చూపు పెరిగినా పెరగకపోయినా, ఉన్నదాన్ని వాడుకోవడం, లేనిదాన్ని చేతులతో, చెవులతో పూడ్చుకోవడం నేర్చిన బిడ్డ పాకుతుంది, నడుస్తుంది, మాట నేరుస్తుంది, బడికి పోతుంది. మూలన కూర్చోబెట్టిన బిడ్డ కళ్లు పొడుచుకుంటూ, ఊగుతూ ఉండిపోతుంది. రెంటికీ తేడా తెచ్చేది మొదటి మూడేళ్లే.

మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ మూడో నెల నిండినా అమ్మ ముఖం మీద చూపు నిలపని బిడ్డ ఉంటే "పెద్దయితే అదే వస్తుందిలే" అన్న మాట విని ఆగిపోకండి. ఆశా కార్యకర్తకు చెప్పండి, ఒక్కసారి కంటి వైద్యుడికి చూపించండి. ఆపరేషన్‌తో పనిలేదని వైద్యుడు చెబితే వెంటనే లేచి రాకండి. "ఇంట్లో ఏం చేయాలో నేర్పేవాళ్లు ఎవరు? వాళ్ల ఫోన్ నంబరు ఇవ్వండి" అని అడిగి, అది తీసుకున్నాకే బస్సెక్కండి.